దండకు రాడు, చెప్పులకు రాడు

ఆ రోజుల్ల మా మానుకోటల మనుషులు రెండు రకాలే. తెలంగాణ తెచ్చెటోళ్లు, దానికి అడ్డం పడెటోళ్లు. మధ్యల ఇంకో రకం ఉంటది కావొచ్చు అన్నోన్ని కూడా రెండో రకంల కలిపేస్తుండ్రి. (మా మేనమామ దీక్షా శిబిరంల కూసోని, ఎండ మస్తు కొడుతున్నది, జర ఇంటికి పోయొస్త అన్నందుకు పొద్దుమీకేదాంక ద్రోహి అనిపించుకున్నడు.) నాకప్పుడు ఇరవై రెండేండ్లు. డిగ్రీ అయిపోయింది, కొలువు దొరుకలే, నోరు మాత్రం పెద్దగుండె. ఆ నోరు చూసే మా వాడల కేబుల్ కనెక్షన్లిచ్చే అన్న నన్ను తన చానల్ల వార్తలు చదువుతందుకు పెట్టుకున్నడు. చానల్ అంటే ఏమో అనుకునేరు. ఆయన ఇంటి మీది అర్ర, ఒక కెమెరా, వెనకాల గోడకు కొట్టిన నీలం దుప్పటి. మా పట్నం దాటితే మేం కనవడం, కానీ నేను మాత్రం ఢిల్లీల పెద్దమనుషులు చెవులు రిక్కించి వింటున్నట్టే చదువుతుంటి.

శిబిరాల కాడ నచ్చిన నాయకుల ఫ్లెక్సీలకు బంతిపూల దండలు, గిట్టనోళ్ల ఫ్లెక్సీలకు చెప్పుల దండలు ఏసుడు అప్పట్ల రివాజు. కేబులన్న దాన్నే టీవీలకు తెచ్చిండు. దినాం ఒక నాయకుని ఫోటో బల్ల మీద పెట్టాలె, ఆయన ఏమన్నడో నేను చదువాలె, ఆఖరికి పూల దండనో చెప్పుల దండనో ఎయ్యాలె. (చెప్పుల దండల మా అమ్మ చెప్పులు కూడా పోయినయి. ఆ కార్యక్రమం నడిచినన్ని దినాలు ఆమె ఉత్త కాళ్లతోనే కూరగాయలకు పోయొచ్చింది.) జడ్జీని నేనే, శిక్షేసేది నేనే. ఎవరికి ఏది ఎయ్యాలెనో నేను ఒక్క క్షణం కూడా తండ్లాడింది లేదు.

తెలంగాణ బిల్లు ఢిల్లీ నుంచి అసెంబ్లీకి వచ్చే చలికాలమది. అప్పుడే సుప్రీంకోర్టు ఇంకో తీర్పు చెప్పింది. మగవాళ్లు మగవాళ్లు, ఆడవాళ్లు ఆడవాళ్లు ఇష్టపడి కలిసుంటే నేరం కాదని అంతకుముందు ఢిల్లీ హైకోర్టు అన్నదాన్ని కొట్టేసి, మళ్ల నేరమే అన్నది. బిల్లు లొల్లిల ఆ వార్త మా దిక్కు ఎవరికీ పట్టలే. పట్టింది మా పెద్దమ్మ కొడుకుకు. నాకు అన్న వరుస, ప్రైవేటు బడిల డ్రిల్లు సారు. ట్రాక్టర్లు బాగుచేసే ఒకాయనతోని కలిసి, కిరాణం సేటు ఇంటి మీది అర్రల కిరాయికి ఉంటుండె. వాళ్లిద్దరి ముచ్చట మా ఇండ్లల్ల అందరికి తెలుసు, ఎవరూ నోరు తెరిచి అనరు. పెద్దమ్మ మాత్రం మామిడికాయ తొక్కు ఇద్దరికి సరిపోయేటంత పంపేది. ఇన్నొద్దులు ఏమీ అనని సేటు, టీవీల ఆ వార్త చూసి మీదికొచ్చి, ఆదివారం వరకు అర్ర ఖాళీ చెయ్యుండ్రి, లేకుంటే ఠాణాల చెప్త అన్నడు. ఠాణా దాంక పోతే అన్న కొలువు పోతది, ఆ మెకానిక్కన్న షెడ్డు కాడికి ఒక్క రైతు రాడు. ఇంకో ఇల్లు చూసుకుందమంటే, పాతిల్లు ఎందుకిడిసినవ్ అని అడుగుతరు గదా.

సేటు మాట ఇనేది ఒక్క మనిషిదే. ఆయనను మేం మైకు సారు అంటుంటిమి. మా దిక్కు పెద్ద నాయకుడు. (మైకు దొరికితే ఇడిసిపెట్టడు, దొరకకున్నా అంతే గట్టిగ మాట్లాడుతడు.) అన్న నా దగ్గరికొచ్చి నెత్తి వంచుకోని అడిగిండు. "చెల్లె, మైకు సారు మనోడా, కాదా? కాళ్లు పట్టుకుందమంటే, ముందుగాల ఆ కాళ్లు తంతయో తన్నయో తెల్వాలె గదా."

నాకు ఆలోచించే పనే లేకుండె. హైకోర్టు తీర్పొచ్చిన ఏడు, గివన్నీ మన సంస్కృతి కాదని మైకు సారు అన్నడు. నేను నా చెవులతోని విన్న. ఇంకేంది, చెప్పుల దండనే అని తేల్చేసిన. మా అన్న ఒప్పుకోలే. ఎన్నడో ఆయన అన్న ఒక్క మాట పట్టుకోని మనిషికి ముద్రెయ్యకు, ఇప్పుడేమంటడో అడుగు అన్నడు. సరేనని కెమెరా పట్టుకోని మరిపెడ తొవ్వ మీద వంటావార్పు జరిగే కాడికి పోయినం. రోడ్డుకు అడ్డంగ పొయ్యిలు, గంజులల్ల అన్నం ఉడుకుతున్నది, డప్పులు మోగుతున్నయి. మైకు సారు గరిట పట్టుకోని పప్పు కలుపుతున్నడు. నేను మైకు మూతి కాడ పెట్టి, సార్, ఇద్దరు మగవాళ్లు కలిసుండుడు మీద కోర్టు తీర్పొచ్చింది, వాళ్ల పెండ్లిండ్ల మీద మీ మాటేంది, అనుకూలమా వ్యతిరేకమా అని అడిగిన. ఆయన గరిట పైకెత్తి, కెమెరా దిక్కు చూసి అన్నడు: "సంపూర్ణ మద్దతు. వెనకకు పోయే ముచ్చటే లేదు. అవసరమైతే ప్రాణాలిస్తం." చుట్టున్నోళ్లు జై కొట్టిండ్రు.

అన్నేండ్ల సంది తెలంగాణకు అనుకూలమా వ్యతిరేకమా అని ఎవరడిగినా ఆయన చెప్పే జవాబు అదొక్కటే. ప్రశ్న దేని గురించో ఇననే లేదు. కేబులన్న మాత్రం సంబురంతోని కిందమీద అయితున్నడు. దేశంలనే గిట్ల అన్న నాయకుడు లేడు, డబుల్ దండ ఎయ్యాలె అంటడు. నాక్కూడ లోపల ఆశ పుట్టింది. గిది చూపిస్తే సేటు నోరు మూతపడ్డట్టే గదా. ఆ టేపు చూసి మా అన్న కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్విండు. నవ్వు ఆగినంక గిది ఎయ్యకు చెల్లె అన్నడు. రేపు పదిమంది ముంగట గిదేంది సారు అని అడిగితే, పరువు కోసరం మా మీద మంట మాట అంటడు, అప్పుడు సేటు ఆదివారం దాంక కూడ ఆగడు అన్నడు. ఆయన నోటితోనే అన్నడు గదా అని కేబులన్న అలిగి, ఆ దినం నాతోని మాట్లాడలే.

తెల్లారి మైకు సారు ఇంటికి నేనొక్కదాన్నే, మైకు లేకుండ పోయిన. వరండాల పేపర్లు ముంగటేసుకోని చాయ్ తాగుతున్నడు. నిన్న మీరేమన్నరో చూడుండ్రని ముందుగాల టేపు ముచ్చట చెప్పిన. చాయ్ గొంతుల పడి దగ్గిండు. తర్వాత నేను ఎవరి పేరూ తియ్యకుండ, మెల్లగ, మళ్ల అడిగిన. చాయ్ గిలాస కింద పెట్టి, పేపర్లు మడతపెట్టిండు. ఆయన గంత సన్నగ మాట్లాడంగ విన్నోళ్లు మా జిల్లాల లేరు కావొచ్చు.

"జైల్ల పెట్టుడు తప్పు బిడ్డా. ఎవరినేం దోచుకున్నరు వాళ్లు? ఇగ పెండ్లి అంటవా, నాకు తెల్వది. అవునందమన్నా, కాదందమన్నా నోరు వస్తలేదు."

రాత్రి వార్తలల్ల నేను చదివేది ఆయన ముంగటనే చెప్పిన. మీరు ఎనుకట మన సంస్కృతి కాదన్నరు, ఇప్పుడు జైలు తప్పంటున్నరు, పెండ్లి సంగతి తెల్వదంటున్నరు, వాళ్లకోసం ఇప్పటిదాంక మీరు చేసిందేం లేదు. ఆఖరి ముక్క కూడ చదువుతవా అని అడిగిండు. చదువుత సార్ అన్న. నిజమే గదా, చదువు అన్నడు. ఆ రాత్రి వార్తలల్ల ఆయన ఫోటో బల్ల మీద ఏ దండా లేకుండ ఉన్నది. కనెక్షన్ చెడిపోయిందా, దండ కనిపిస్తలేదని కేబులన్నకు ఒక్కటే ఫోన్లు.

ఆదివారం పొద్దున నేను అన్న అర్రకు పోయేసరికి బట్టలు మూటగట్టి ఉన్నయి. మెకానిక్కన్న గోడకు ఒరిగి కూసున్నడు. సేటు మెట్లెక్కొచ్చి గడప కాడ నిలవడ్డడు, లోపలికి రాలే. మా ఎవరి దిక్కు చూడకుండ, పొయ్యి దిక్కు చూసుకుంట అన్నడు. "వార్తలు చూసిన. మా సారుకే తెల్వదంట. ఇగ నాకేం తెలుస్తది. ఉండుండ్రి. నీళ్ల మోటరు మాత్రం జర తొందరగ బందు చెయ్యుండ్రి, ట్యాంకు నిండి గోడంత నాని పోతున్నది." గంతే, దిగిపోయిండు. మెకానిక్కన్న మూట ముడి ఇప్పుకుంట ఏడ్సిండు.

నాకు మాత్రం కోపమొచ్చింది. మైకు సారు స్వయంగ వచ్చి సేటును గట్టిగ అరుసుకోవాలె, వాడంత చప్పట్లు కొట్టాలె అని నేను మనసుల రాసుకున్న కథ వేరే. తెల్వదంటే అదేం న్యాయం అని గొణుక్కుంట మెట్లు దిగుతుంటే అన్న వెనకాల వచ్చిండు. "చెల్లె, ఇంతకుముందు ఇండ్లల్లకెల్లి మమ్ములను ఎల్లగొట్టినోళ్లందరు అన్నీ తెలుసన్నోళ్లే. తెల్వదన్న మొదటి మనిషి గీ సేటే" అన్నడు.

ఇప్పుడు వాళ్లిద్దరు భూపాలపల్లిల ఉంటున్నరు. తర్వాత కోర్టే అది నేరం కాదన్నది, పెండ్లి మాత్రం ఇంకా చట్టంల లేదు. మైకు సారు వయసు మీద పడ్డది, ఎక్కడన్న కలిస్తే, ఇప్పుడన్న తెలిసిందా సార్ అని అడుగుత. ఇంకా లేదు బిడ్డా అంటడు. ఆయన ఏ రకమని ఎవరన్న ఒక్క మాటల చెప్పుమంటే నాకు ఇప్పటికీ చెప్పరాదు. మెట్ల మీద కోపంతోని గొణుక్కున్న ఆ ఇరవై రెండేండ్ల పిల్ల యాదికొస్తే నవ్వొస్తది. అర్ర దక్కితే చాలు గదనే పిచ్చిదానా అందమనిపిస్తది. అనను. అర్రతోనే సరిపెట్టుకొమ్మని ఆ ఇద్దరికి చెప్పనీకె నేనెవరిని.