కొర్రమట్టల మనిషి

మా ఇంటాయన పొద్దుగూకితే కుంట గట్టు మీద గొంతుక్కూర్చొని నీళ్లకేసి చెవి పెట్టేవాడు. కొర్రమట్ట చేప నీళ్లలోనే ఉన్నా గాలి కోసం పైకి రావాల్సిందే. వచ్చినప్పుడు గుటుక్కుమని చప్పుడవుతుంది. ఆ చప్పుడు వింటేగాని అన్నానికి లేచేవాడు కాదు.

"పెండ్లాం పిలిస్తే పలుకవు గని, చేప గుటకేస్తే మురుస్తవ్" అని దెప్పేదాన్ని.

"అవ్, నీకు ఊపిరాడకపోతే ఊరంతా ఇనేటట్టు అరుస్తవ్. వాటికి నోరేడుందే?" అని నవ్వేవాడు.

చేపలు పెంచే పంజరాలు కొనే స్తోమత మాకు లేదు. అడవి వెదురు తెచ్చి, కుంటలో గుంజలు పాతి, వాటికి వల చుట్టి తనే కట్టాడు. కొర్రమట్ట ఎగిరి దూకుతుంది కదా, అందుకని పైన కూడా వల వేసి గట్టిగా కుట్టాడు.

పోయిన వానాకాలం గోదావరి పొంగి, వాగు వెనక్కి తన్ని మా కుంటలో పడింది. నీళ్లు పంజరాల మీదికెక్కాయి. లోపలి చేపలకు గాలి అందే దారి లేదు. ఆయన కొడవలి పట్టుకొని దిగబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"పోతే పోనియ్, చేపలే గద."

"పైన వల కుట్టింది నేనే గదనే. జల్దీ కోసి వస్త."

వలలన్నీ కోశాడు. తను రాలేదు. మర్నాడు దిగువన తుమ్మల్లో దొరికాడు.

వరద తీశాక మా చేపలు ఊరి పొలాల బురదలో దొరికాయి. పక్కింటామె బకెట్ నిండా తెచ్చి, "అక్కా, ఇవి మీయే" అని దించింది. ఇంకా బతికే ఉన్నాయి. కుంట గట్టు తెగిపోయింది, విడుద్దామంటే నీళ్లు లేవు. చావుకొచ్చిన చుట్టాలు ఇంట్లోనే ఉన్నారు. నేనే పొయ్యిలో బూడిద తెచ్చుకొని వాటిని తోమడానికి కూర్చున్నాను.