ఉరుగ్వే దుబాయిల ఏ దిక్కు?

గోరంతను కొండంత చేసి చెప్పడం నా అలవాటని ముందే ఒప్పుకుంటున్నాను. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులో, ఏనుగు పట్టేంత కొత్త సూట్‌కేసుతో ఒకతను నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఏజెంటు ఉరుగ్వేల పని ఇప్పిచ్చిండు. అది దుబాయిల ఏ దిక్కు?" అని అడిగాడు.

"చిన్న దేశం, తమ్మీ. కొట్లాటల్లేవు, మనుషుల కన్నా ఆవులెక్కువ. దొంగలు గూడ తలుపు తట్టి వస్తరు."

"మంచిగైంది. మా అన్న దుబాయిల మంచం పట్టిండు. జుమ్మాకు జుమ్మాకు, శుక్రవారం శుక్రవారం పోయి చూసొస్త."

"దుబాయి ఏంది? ఉరుగ్వే భూమికి అటు పక్క. నువ్వు ఆడికెళ్లి వచ్చేసరికి మీ అన్న సచ్చి, నలభయ్యో దినం ఫాతెహా గూడ అయిపోతది" అన్నాను.

బస్సంతా పగలబడి నవ్వింది. అతను సూట్‌కేసు మీద చేతులు పెట్టుకుని, దిగేదాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. బస్సులో ఎవరూ నవ్వలేదు, నేను తప్ప.