మేడ మీద దుప్పటి, రెక్కల మీద కళ్ళు

మా అమ్మాయికి పదేళ్ళు. పటమటలో మేముండే అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ మొన్న వానాకాలంలో ఒక మాటిచ్చేసింది: "రెక్కల మీద గుడ్లగూబ కళ్ళుండే మాత్‌ని, అదే రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుకలాంటిదాన్ని, చూపిస్తా. చూపించకపోతే నా మాట ఇంకెప్పుడూ నమ్మకండి."

ఆ సాయంత్రం చీకటి పడగానే మేడ మీద, కృష్ణా నదికి అడ్డంగా కట్టినా ఇంకా మిగిలేంత తెల్ల దుప్పటి కట్టి, ముందు బల్బు వెలిగించాను. ఎదురుగా పిల్లలు తీర్పు చెప్పే జడ్జీల్లా కూర్చున్నారు. నేను ఉపన్యాసం అందుకున్నాను.

"ఇవి నైట్ డ్యూటీ రెక్కల పురుగులు. వేల రకాలు! పగలు చెట్టు బెరడు రంగులో బెరడుకే అతుక్కుని పడుకుంటాయి. కొన్నింటికి రెక్కల మొదట్లో చెవులుంటాయి. గబ్బిలం కూత వినపడితే గాల్లోనే పల్టీ! కొన్ని బత్తాయికి కన్నం పెట్టి రసం లాగేస్తాయి. స్ట్రా నోట్లోనే ఉంటుంది."

అరగంట గడిచినా దోమలు తప్ప ఎవరూ రాలేదు.

"అక్కా, నువ్వూ మీ నాన్నలాగే కోతలు కోస్తావా?" అన్నాడు ఎదురు ఫ్లాట్ బుడ్డోడు. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కిందికి చూస్తే ఫ్లాట్లన్నీ పెళ్ళివారి ఇళ్ళలా వెలిగిపోతున్నాయి. ఇక మా బల్బు మొహం ఎవరు చూస్తారు? పిల్లల చెవిలో ఒక మాట ఊదాను. క్షణంలో మెట్లు అదిరిపోయేలా పరిగెత్తారు.

"పురుగులొస్తున్నాయంటండీ! లైట్లాపేయండి!"

అబద్ధమే. కానీ వరిపొలాల పక్కన పుట్టిపెరిగిన మా వాళ్ళు ఆ మాట వింటే ఎందుకని అడగరు. స్విచ్చి ఆపి చీకట్లోనే అన్నం తినేస్తారు. అయిదు నిమిషాల్లో బిల్డింగంతా మాయమైంది.

అప్పుడొచ్చాయి! బూడిదరంగువి, ఎండుటాకులాంటివి, పైరెక్క కింద నారింజరంగు లంగా కట్టుకున్నవి. చివరికి, నా లెక్కలో పళ్ళెమంత, మా అమ్మాయి లెక్కలో అరచేయంత, రెండు కళ్ళేసుకుని ఒకటి వాలింది.

బుడ్డోడు వెనక్కి జరిగాడు. "అక్కా, అది నన్నే చూస్తోంది!"

"అది కన్ను కాదురా, రెక్క. పిట్టలు భయపడాలని ఆ వేషం. నువ్వు పిట్టవా?"

ఇంతలో రెండో అంతస్తు పెద్దాయన చేతిలో కంచంతో పైకొచ్చారు. "చీకట్లో చారనుకుని మజ్జిగ పోసుకున్నానండీ. ఇంట్లో ఒక్క పురుగూ లేదు! ఎవరండీ ఆపమంది?"

నేను నోరు తెరిచేలోపే బుడ్డోడు ఆయన చెయ్యి పట్టి లాగాడు.

"అన్నీ ఇక్కడే ఉన్నాయి తాతగారూ, రండి! అక్క చెప్పిందంటే చెప్పినట్టే వస్తాయి!"