చదును

మా మావయ్య కాగితం చదవందే వదలడు. బస్సు టికెట్టు వెనకవైపు కూడా చదువుతాడని అమ్మ ఎగతాళి చేసేది. అలాంటి మనిషి ఒక్క మాట దగ్గర బోల్తా పడ్డాడు.

ఇళ్ల స్థలాల వ్యాపారులు పొలాలన్నీ కొనేస్తున్న రోజులవి. పొలం అమ్మిన ప్రతి ఇంటికీ తాళం పడుతోంది. బడిలో పదకొండు మందే మిగిలారు. అప్పుడొచ్చింది సోలార్ కంపెనీ. అమ్మక్కర్లేదు, ఇరవై అయిదేళ్లు కౌలుకిస్తే చాలు, ఆ తర్వాత మీ భూమి మీకే అంది. మావయ్య ఒప్పందం మూడుసార్లు చదివాడు. "భూమిని చదును చేసి ప్యానెళ్లు అమర్చబడును" అన్నచోట వేలు పెట్టి మురిసిపోయాడు.

"చూశావుటే, వీళ్లకి సేద్యం తెలుసు!"

నలభై ఏళ్లుగా ఆయనకు చదును అంటే ఒకటే అర్థం: దున్ని, పెళ్లలు చితక్కొట్టి, విత్తనానికి నేలను మెత్తగా సిద్ధం చేయడం. సంతకం పెట్టేశాడు. ప్యానెళ్లు కడిగే ఉద్యోగమూ ఇచ్చారు.

బుల్డోజరు మూడు రోజుల్లో జానెడు పైమట్టి గీకేసింది. లారీలు దాన్ని ఏదో రోడ్డు పనికి తోలుకుపోయాయి. అడుగున తేలిన తెల్లటి సుద్ద మీద కంకర పరిచారు.

"మట్టేది బాబూ?" అని మావయ్య ఇంజనీరును అడిగాడు.

"ఎత్తుపల్లాలు తీసేశాం పెద్దాయనా. చదును చేస్తామని కాగితంలో ఉందిగా!"

అతను అబద్ధమాడలేదు. నాకు ఒళ్లు మండేది అందుకే.

అబద్ధం మావయ్య ఆడాడు. మట్టిని వేరేచోట పోగు పోశారనీ, గడువయ్యాక తెచ్చి పరుస్తారనీ అడిగినవాళ్లందరికీ చెప్పాడు. తలవంపులు భరించలేకపోయాడు. ఇంటిల్లిపాదీ నమ్మాం.

ఒక ఉదయం ఆయన ప్యానెళ్లు కడుగుతుంటే అమ్మ, నేను వెళ్లాం.

"అన్నయ్యా, మా పొలం కోసం స్థలాలవాళ్లు మళ్లీ వచ్చారు. అమ్మేస్తే ఇక ఇక్కడేం పని, పట్నం పోవాల్సిందే. నీలాగే కౌలుకిచ్చెయ్యనా? మట్టి ఎలాగూ తిరిగొస్తుందిగా?"

మావయ్య చేతిలోని గొట్టంలోంచి నీళ్లు కంకరలోకి పోతూనే ఉన్నాయి.

"ఇచ్చెయ్యమ్మా," అన్నాడు చివరికి.

అమ్మ ముందు నడిచాక, మట్టి ఇక తిరిగి రాదని నాకు నిజం చెప్పాడు. "పొలం ఎలాగూ పోతుందే. మీ అమ్మైనా ఊళ్లో ఉంటుంది."

నేనూ నోరు మూసుకున్నాను. ఊరొదిలి పోవాల్సొస్తుందన్న భయం నాకూ ఉంది.

నెల తిరక్కుండా మా పొలంలోకి బుల్డోజరు దిగింది. అమ్మ గట్టు మీద నిలబడి డ్రైవరుకు గట్టిగా చెప్పింది:

"బాబూ, మా మట్టి విడిగా పోయించండి. మా అన్నయ్య మట్టిలో కలిపెయ్యకండి."