రెండో దెబ్బ

నా చిన్నప్పుడు మా పక్కింటి అత్త ఒక మనిషిని చంపింది. అత్త అని వరసకు పిలిచేదాన్ని గానీ చుట్టరికం లేదు. మా పల్లె కర్ణాటకలో జంగమకోటె దగ్గర. మల్బరీ తోట గట్టు విషయంలో ఆమె భర్తకూ, అతని దాయాదికీ ఏళ్లుగా పడేది కాదు. భర్త పట్టుగూళ్లు అమ్మడానికి శిడ్లఘట్ట వెళ్లిన ఒక మధ్యాహ్నం, ఆ దాయాది వాళ్ల పెరట్లోకి వచ్చాడు. సాయంత్రానికి పోలీసులు వచ్చారు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా మిద్దె మీద చింతపండు ఆరబోస్తున్నాను. జరిగింది చూసినది నేనొక్కదాన్నే. చూసింది చూసినట్టు ఆ రోజే పోలీసులకు చెప్పాను, వాళ్లు రాసుకున్నారు.

అత్త జామీను మీద ఇంటికి వచ్చింది. ఆమె కనిపిస్తే మాటలు ఆగిపోయేవి. మొగుడు లేని పూట వాడికెట్ల తెలిసిందని కొందరు, ఆమే పిలిపించి ఉంటుందని కొందరు. శవం పక్కన దొరికిన మచ్చుకత్తి వాడు తెచ్చిందేనా, తర్వాత వీళ్లు తెచ్చి పెట్టారా అని ఇంకొందరు. ఆమె వండిన సంగటి ఎన్నోసార్లు తిన్నవాళ్లే ఇప్పుడు ఆమె చేతుల వైపు ఓరగా చూసేవాళ్లు. నేనూ అంతే. గోడ అవతల గాజుల చప్పుడైతే లోపలికి పోయేదాన్ని.

నన్నూ ఎవరూ వదల్లేదు. "ఒగటే దెబ్బ అని చెప్పు పాపా, చాలు," అని అత్తవాళ్ల అన్న నా చెవిలో చెప్పిపోయాడు. చచ్చినవాడి మనుషులు బడి దగ్గర ఆపి, ఎన్ని దెబ్బలో చెప్పమన్నారు. ఆ రెండో దెబ్బలో ఏదో ఉందని నాకు అర్థమైంది. నేను చూసింది రెండు.

మా తాతయ్య చింతామణిలో ఒక వకీలు దగ్గర చాలాకాలం గుమాస్తాగా చేశాడు. అత్త కుటుంబమంటే ఆయనకు అభిమానం. అందుకే ఆయన్నూ నమ్మలేకపోయాను. సాక్ష్యానికి పిలుపు వచ్చిన రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటే, ఈయనా ఒకటే దెబ్బని చెప్పమంటాడనుకున్నాను.

"ఎన్ని చూస్తివో అన్నే చెప్పల్ల," అన్నాడు.

"రెండంటే అత్తను జైల్లో ఏస్తారంట కదా?"

తాతయ్య లేచి నా చేతికి దిండు ఇచ్చి, తను గొడుగు తీసుకున్నాడు. అది కత్తి అనుకోమని చెప్పి, ఎత్తి నా మీదికి వచ్చాడు. ఆ ముఖంలో నవ్వు లేదు. భయంతో దిండుతో కొట్టాను. ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. అయిపోయిందనుకునేలోగా గొడుగు నా కాళ్ల మీదికి వచ్చింది. మళ్లీ కొట్టాను. ఈసారి గొడుగు వదిలేసి వెల్లకిలా పడుకున్నాడు.

"ఇంగో దెబ్బ కొట్టు," అన్నాడు కళ్లు మూసుకొని.

నాకు చేయి రాలేదు.

ఆయన అలా పడుకునే చెప్పాడు. "ప్రాణం తీసేదానికి వచ్చేవాణ్ణి ఆపేదానికి వేరే దారి లేకుంటే, చంపినా చట్టం తప్పు పట్టదమ్మా. వాడు ఆగినాక కొడితే మాత్రం అది పగ. అందుకే దెబ్బలు ఎన్నని కాదు, ఒక్కో దెబ్బప్పుడు వాడు ఏం చేస్తాండె అని అడుగుతారు. నువ్వేం చూస్తివో నాకు చెప్పొద్దు. ఆడ చెప్పు."

అప్పట్లో మా జిల్లా కోర్టు కోలారులో ఉండేది. చచ్చినవాడి తల్లి మెట్ల మీద కూర్చొని నన్నే చూస్తోంది. లోపల జడ్జిగారి ముందు నేను చెప్పాను. కత్తి ఎత్తి వచ్చాడు, అత్త రోకలితో కొట్టింది. మోకాళ్ల మీద పడ్డాడు, కత్తి చేతిలోనే ఉంది, ఇంకో చేత్తో ఆమె చీర పట్టుకున్నాడు. మళ్లీ కొట్టింది. కత్తి జారిపోయింది. మూడోసారి రోకలి ఎత్తింది, వాణ్ణి చూసింది, దించేసి గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది.

ఇంట్లో ఎవరైనా నేర్పించారా అని సర్కారీ వకీలు అడిగాడు. గొడుగు సంగతి కూడా దాచకుండా చెప్పేశాను. కోర్టులో గుసగుసలు మొదలయ్యాయి. జడ్జిగారు నన్ను అనుమానంగా చూసి, మొదటిరోజు పోలీసులు రాసుకున్నది తెప్పించి చదివించారు. అందులోనూ అవే మాటలున్నాయి.

అత్తను విడిచిపెట్టారు. వీధి మాత్రం నమ్మలేదు. అంతా తాతయ్య నడిపించాడన్నారు. చివరికి అత్తవాళ్లు తోట అమ్మేసి గుడిబండె వైపు వెళ్లిపోయారు. వెళ్లే ముందు అత్త నన్ను గోడ దగ్గరికి పిలిచింది.

"రెండోసారి ఎందుకు కొడితినో నాకే తెలీకుండా ఉండె పాపా. కోపంతో కొట్టింటినేమో అని దినామూ కుమిలిపోతాంటిని. వాని చేతిలో ఇంకా కత్తి ఉండిందని నువ్వు చెప్తేనే నాకు తెలిసె. మావాళ్లు చెప్పమన్నట్ల నువ్వు చెప్పింటే, కోర్టు ఇడిసిపెట్టినా నాకు ఆ అనుమానం పొయ్యేది కాదు."

ఊరంతా ఆమెను అనుమానించిన ఆ రోజుల్లో, అందరికంటే ఎక్కువగా అనుమానించుకున్నది ఆమే అని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఇప్పుడు ఎవరో ప్రాణం కాపాడుకోబోయి ఇంకొకరిని చంపారని ఫోన్లో వార్త వస్తే, మా ఇంట్లో పిల్లలు నిమిషంలో తీర్పు చెప్పేస్తారు. నువ్వేమంటావు అవ్వా అని నన్నూ అడుగుతారు. నేను ఆడ ఉండి చూళ్లేదమ్మా, అంటాను. తప్పించుకుంటోందని నవ్వుకుంటారు.