చారికి నేను ఏరి ఇచ్చిన పిస్టల్

ఏడేళ్లుగా ఈ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. ఇవాళ మీకు చెప్పేస్తాను. చెప్పబోతుంటే సిగ్గు కంటే ఉత్సాహమే ఎక్కువగా ఉంది, ఏం మనిషినో నాకే తెలీదు. పేరు అడక్కండి. అమెరికాలో జార్జియా రాష్ట్రం, కమ్మింగ్‌లో ఉంటాను. సాఫ్ట్‌వేర్ పని, ఇద్దరు పిల్లలు. మీ వీధిలోనూ నాలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు.

గ్రీన్‌కార్డ్ వచ్చిన ఏడాది నాకో పిచ్చి పట్టింది. సర్‌ప్లస్ పిస్టల్. యూరప్‌లో ఎక్కడో పోలీసులు ఏళ్ల తరబడి వాడి, కొత్తవి రాగానే పక్కన పడేసినవి పెట్టెలకొద్దీ ఇక్కడి షాపులకు వచ్చేవి. కొత్తదాని ధరలో సగం కూడా ఉండేది కాదు. చవక కాబట్టి చేతులారా పాడుచేసుకున్నా ఏడుపు రాదు. గరాజ్‌లో కూర్చుని పిడి చెక్కలు మార్చుకోవచ్చు, పైన గురి చూసే సైట్ మార్చుకోవచ్చు, పాత రంగు గీకేసి కొత్తది వేసుకోవచ్చు. ఏ మోడల్‌కి పార్ట్స్ దొరుకుతాయి, దేనికి ఉక్కు గట్టిది, దేని పిడి మన చేతికి సరిపోతుంది? ఆఫీస్‌లో కోడ్ తెరిచి పెట్టుకుని పక్క విండోలో ఇవే చదివేవాణ్ణి. చూశారా, ఇప్పుడు కూడా అసలు సంగతి వదిలేసి పిస్టల్ దగ్గరే ఆగిపోయాను.

ఆ పిచ్చి చారికి అంటించింది నేనే. చారిది కరీంనగర్. మా టీమ్‌లో టెస్టర్. నాకంటే నాలుగేళ్లు చిన్న, గ్రీన్‌కార్డ్ మాత్రం ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. వాళ్ల నాయన వెండి పని చేసేవాడు. సన్నటి వెండి తీగతో పువ్వులు అల్లేవాడట. చారి చదువుల్లో పడి ఆ పని ముట్టుకోనే లేదు. ఆయన పోయాక, ఆయన వెండిని అరగదీసే చిన్న ఆకురాయి ఒకటి తెచ్చుకుని డెస్క్ సొరుగులో దాచుకున్నాడు. "మా నాయిన చెయ్యి నాకొచ్చిందో లేదో ఒక్కపారి చూసుకోవాలె అన్నా" అనేవాడు. పిస్టల్ పిచ్చి నాది. వాడికి కావలసింది అరగదీయడానికి ఒక లోహం ముక్క. అది నాకు బాగా తెలుసు.

ఒక శనివారం పొద్దున్నే ఇద్దరం డ్రైవ్ చేసుకుంటూ షాపుకి వెళ్లాం. మాకు కావలసిన మోడల్‌వి రెండే మిగిలాయని షాపు ముసలాయన కౌంటర్ మీద పెట్టాడు. జిడ్డు ఓడుతున్న గ్రీజు, ఆ పాత ఇనుము వాసన. ఆయన ఇచ్చిన చిన్న టార్చ్‌తో బ్యారెల్ లోపలికి చూశాను. లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి, అవి శుభ్రంగా ఉంటేనే గుండు తిన్నగా పోతుంది. మొదటిదానికి ఒళ్లంతా గీతలు, లోపల మాత్రం అద్దం. రెండోది బయట నిగనిగలాడుతోంది, లోపలంతా తుప్పు తిన్న గుంటలు, గాడులే కనబడటం లేదు. చారి నా భుజం పక్కనే నిలబడ్డాడు.

"అన్నా, ఏది మంచిగున్నది? నాకేం ఎరుక లేదు, నువ్వే చెప్పు."

"ఇది తీసుకో. ఎంత నీట్‌గా ఉందో చూడు. గీతలదాంతో నేను సర్దుకుంటాలే."

"మంచిది నాకిచ్చి నువ్వు పాతది తీస్కుంటున్నవ్ గదా."

"తమ్ముడివి కదరా" అన్నాను.

ఆ ఆఖరి మాట ఎందుకన్నాను? ఆశపడ్డాను, సరే, మంచిది కొట్టేశాను, అదీ సరే, కానీ దాని మీద మళ్లీ ప్రేమ పూయడం ఎందుకు? వాడు నన్ను మెచ్చుకోవాలని కూడా ఉందా నాకు? ఉంది. కారులో ఇంటిదాకా వాడు థాంక్స్ చెబుతూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను.

మూడు నెలలు వీకెండ్లన్నీ మా గరాజ్‌లోనే. వాల్‌నట్ చెక్క తెచ్చి వాడు పిడి చెక్కాడు. దాని మీద వాళ్ల నాయన తీగపని పువ్వులు దించాడు. ఆ ఆకురాయితో సైట్ కూర్చాడు, వెంట్రుక దూరే సందు లేదు. నిజం చెబుతున్నాను, అంత అందమైన పని నేను మళ్లీ చూడలేదు. నా కడుపు మండింది.

గురి చూసి కాల్చడం ప్రాక్టీస్ చేసే రేంజ్‌కి వెళ్లాం. నా గుండ్లన్నీ ఒక సాసర్ పట్టేంత చోట పడ్డాయి. చారివి గురి కాగితం నిండా చెల్లాచెదురు. వాడు పిస్టల్‌ని చూడలేదు. తన చెయ్యి చూసుకున్నాడు. బ్యారెల్ మార్చెయ్, కొత్తది దొరుకుతుంది అని నేను ఒక్క ముక్క అంటే అయిపోయేది. నేనేమన్నానో తెలుసా? "సైట్ దగ్గర కొంచెం ఎక్కువ అరగదీసినట్టున్నావురా" అన్నాను.

ఆ తర్వాతి వారం చారి గరాజ్‌కి రాలేదు. ఆఫీస్‌లో నా డెస్క్ మీద ఆకురాయి పెట్టాడు. "నాకు రాలేదన్నా ఆ చెయ్యి. నీకున్నది, నువ్వే ఉంచుకో" అన్నాడు. తీసుకున్నాను.

ఈ ఏడేళ్లూ నోరు ఎందుకు విప్పలేదు? ఫ్రెండ్‌షిప్ పోతుందనా? అది ఆ షాపులోనే పోయింది, వాడికి తెలీదంతే. పోయిన నెల వాళ్లింట్లో పుట్టినరోజు భోజనానికి వెళ్లాం. చారి కూతురు ఊడిపోయిన వెండి పట్టీ పట్టుకుని వాళ్ల నాన్న దగ్గరికి వచ్చింది. చిన్న కొక్కెం అంచు లేచి తగులుకోవడం లేదు, అంతే. చారి దాన్ని చేత్తో ముట్టుకోను కూడా లేదు. "అంకుల్‌కి ఇవ్వు బిడ్డా, నాకు రాదు" అన్నాడు. వెండి పని చేసిన మనిషి కొడుకు ఆ మాట అన్నాడు. నేను కారులోని టూల్ బాక్స్‌లోంచి వాళ్ల తాత ఆకురాయే తెచ్చి రెండు నిమిషాల్లో సరిచేసి ఇచ్చాను. పాప "థాంక్యూ అంకుల్, యూ ఆర్ సో గుడ్ ఎట్ దిస్" అంది. చారి నవ్వాడు. ఆకురాయి మళ్లీ టూల్ బాక్స్‌లో పడేశాను.

మీరు నన్ను మన్నించనక్కర్లేదు. ఆ పని మీది కాదు, చారిది, వాడి దగ్గరికి ఎప్పుడు వెళ్తానో చెప్పలేను. కానీ ఒక్క వాక్యం ఇన్నేళ్లలో ఎక్కడా అనలేదు, రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. చారి చెయ్యి మంచిదే, పాడైంది బ్యారెల్, అది కళ్లారా చూసి మరీ వాడికి ఇచ్చాను.