మంగళవారం ఓటు

ఆ రోజుల్లో నాకు తెలిసిన సుఖాలు రెండే: వాదించడం, వాదనలో గెలవడం. గెలిచాక ఏమవుతుందో ఆలోచించే అలవాటు ఆ వయసుకు ఉండదు. ఎనభైల మొదట్లో, మిషిగన్‌లో మా అక్క ఇంటి బేస్‌మెంటులో మకాం పెట్టి, కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం చేస్తూ, ఈ రెండు సుఖాలనూ పూటపూటా అనుభవించేవాణ్ణి. ముహూర్తం, శకునం, దిష్టి, తుమ్ము, ఏది దొరికినా గంటసేపు ఉతికి ఆరేసేవాణ్ణి. కాలేజీ వక్తృత్వ పోటీల వేదిక దిగి నేరుగా విమానం ఎక్కినవాణ్ణి మరి. (వినేవాళ్ళకు లేచి వెళ్ళిపోయే హక్కు ఉంటుందని అప్పటికి నాకెవరూ చెప్పలేదు.) "కారణం లేకుండా కార్యం లేదు" అన్నది నా తారకమంత్రం. మంత్రాల్ని ఖండించేవాడికి తారకమంత్రం ఏమిటని అక్క ఒకసారి అడిగింది. జవాబు ఇంకా ఆలోచిస్తున్నాను.

ఫార్మింగ్టన్ హిల్స్ దాటి ఇంకా పడమరకు పోతే, పల్లెగా ఉండిపోవాలో పట్నం కావాలో తేల్చుకోలేక మొక్కజొన్న చేల మధ్య నిలబడిపోయిన ఊరు మాది. బావగారు కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆ ఏడే ఆయనకూ అక్కకూ సిటిజన్‌షిప్ వచ్చింది. నవంబరులో వాళ్ళ మొట్టమొదటి ఓటు. నాకు ఓటు లేదు కాబట్టి ఇద్దరికీ సరిపడా అభిప్రాయాలు నా దగ్గరే ఉండేవి. మా ఇంట్లో వేడి పుట్టించింది ఊరి సూపర్‌వైజర్ పదవి, మన సర్పంచి లాంటిది. పోటీలో ఇద్దరే. ఇంటి పన్ను కోసేస్తానని చెప్పడానికి సభలకు నిలువెత్తు అట్టకత్తెర మోసుకొచ్చే పెద్దమనిషి ఒకరు. ఆయనకు మేము పెట్టుకున్న పేరు కత్తెరాయన. రెండో ఆవిడకు గుమ్మడి తోట ఉంది, కాబట్టి గుమ్మడికాయావిడ.

ఇద్దరూ స్కూలు జిమ్‌లో తమ విధానాలు చెబుతారంటే బావగార్ని బలవంతాన లాక్కెళ్ళాను. బావినీళ్ళు ఇనుము వాసన కొడుతున్నాయి కాబట్టి ఊరికి పైపులు వేయిద్దామని ఆవిడ, వాసన పీల్చడానికి పన్నెందుకని ఆయన. చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు సగం చాలని ఆయన, మలుపుల దగ్గర తగ్గించొద్దని ఆవిడ. రాలిన ఆకులు ఎవరి పెరట్లో వాళ్ళు ఇష్టమొచ్చినప్పుడు తగలబెట్టుకోవచ్చని ఆయన, శనివారాలే తగలబెట్టాలని ఆవిడ. ఫోన్ చేస్తే ఇంటి ముందుకు వచ్చే ఊరి చిన్న బస్సును తీసేయాలని ఆయన, ఉంచాలని ఆవిడ. ప్రపంచం అణ్వస్త్రాల అంచున ఉంటే వీళ్ళు ఆకుల గురించి మాట్లాడుతున్నారని నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి, "మీ విధానాలకు ఫౌండేషన్ ఏమిటి?" అని ఇంగ్లీషులో గర్జించాను. కత్తెరాయన ముఖం నిండా జాలి నింపుకుని, బేస్‌మెంటులోకి నీళ్ళు కారుతున్నాయా అని అడిగాడు. (కారుతున్నాయి. అది వేరే సంగతి.) ఆ తర్వాత సభ ముగిసేదాకా బావగారు నాకు రెండు కుర్చీలు ఎడంగా కూర్చున్నారు.

ఇంటికి వచ్చే దారిలో ఆయన తేల్చేశారు. "నాకు కత్తెరాయనే నచ్చాడోయ్. ఫ్యాక్టరీలో లేఆఫ్‌లు అంటున్నారు, ఇంటి టాక్స్ తగ్గితే మంచిదేగా. ఆ బస్సు చూడు, ఎప్పుడు చూసినా ఖాళీ."

"అయితే ఓటు ఆయనకేనన్నమాట."

"ఓటా? నేను వెయ్యటం లేదుగా. ఎలక్షన్ మంగళవారం."

"అయితే ఏమండీ?"

"మొట్టమొదటి ఓటోయ్. మంగళవారం మొదలుపెడతామా?"

ఈయన బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరు. మంగళవారం గోళ్ళు తీసుకోరు. కొత్త కారు మంగళవారం సిద్ధమైతే బుధవారం వెళ్ళి తెచ్చుకున్నారు. నేను ఆ శుక్రవారం రాత్రి భోజనం దగ్గర మొదలుపెట్టాను. "ఈ దేశంలో పెద్ద ఎలక్షన్లు ఎప్పుడూ మంగళవారమేనండీ. బతికున్నన్నాళ్ళూ ఓటు వెయ్యరా?" అంటే, "ముహూర్తం నేను పెట్టానా ఏమిటి?" అన్నారు. శనివారం, "పేరులోనే మంగళం పెట్టుకున్న వారం అమంగళం ఎలా అవుతుంది?" అని పట్టుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం గోంగూర పచ్చడి దగ్గర బ్రహ్మాస్త్రం వేశాను. "ఇక్కడ పొద్దున లేచేసరికి మన రాజమండ్రిలో సాయంత్రం. ఇక్కడ పడుకోబోయేసరికి అక్కడ బుధవారం. ఇంతకీ ఏ ఊరి మంగళవారం చెడ్డదండీ?"

బావగారు చేతిలో ముద్ద మింగి తల ఊపారు. "సరేనోయ్. నీ మాటలో పాయింట్ ఉంది. వేస్తాను. మంగళవారమే వేస్తాను."

నా జీవితంలో నేను మార్చిన మొదటి మనిషి ఆయన. (ఆఖరి మనిషి కూడా.) విజయగర్వంతో పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళితే, అక్క గిన్నెలు తోముతూ వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"గెలిచావా?"

"గెలిచానే."

"సంతోషం. బస్సుకి మంగళం పాడించావు."

నాకు అర్థం కాలేదు. అక్కకు డ్రైవింగ్ రాదు. నేర్పడానికి బావగారు ఒకే ఒక్క ఆదివారం ప్రయత్నించారు. ఇంజనీరు కదా, పద్ధతిగా లైట్ల మీటతో మొదలుపెట్టారట: లాగితే వెలుగుతాయి, నొక్కితే ఆరిపోతాయి, ఆర్పడం మరిచిపోతే తెల్లారేసరికి బ్యాటరీ చస్తుంది. ఆ పాఠం పూర్తయ్యేసరికి ఇద్దరికీ మాటలు లేవు. రెండో పాఠం జరగలేదు. అప్పటినుంచీ అక్క గుడ్డల దుకాణంలో తన ఉద్యోగానికి ఆ చిన్న బస్సులోనే వెళ్ళివస్తోంది.

"ఆయన కత్తెరకి, నేను గుమ్మడికాయకి," అంది అక్క. "మంగళవారమని ఆయన ఎటూ కదలరు, నా ఓటు నిలుస్తుందిలే అనుకున్నాను. ఇప్పుడు చెల్లుకు చెల్లు."

"బస్సు కావాలని బావగారికి చెప్పచ్చుగా?"

"చెప్పకేం? నేను దింపుతాగా అన్నారు. ఆయన దింపితే ఆయన టైముకి వెళ్ళాలి, ఆయన టైముకి రావాలి. బస్సైతే నేను ఫోన్ చేస్తాను, అది వస్తుంది. ఈ దేశంలో నేను పిలిస్తే వచ్చేది అదొక్కటేరా."

అణ్వస్త్రాల గురించి నేను అంత మాట్లాడానే, నా తలమీద వంటింట్లో ఉన్న సమస్య ఇదని నాకు తట్టలేదు. సోమవారం సాయంత్రం నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పంచాంగం తెరిచి, బావగారి పక్కన చేరాను.

"బావగారూ, రేపు మంగళవారమే కాదండోయ్, మధ్యాహ్నం రాహుకాలం కూడా ఉంది."

"ఏ ఊరి రాహుకాలమోయ్? ఇక్కడిదా, రాజమండ్రిదా?"

"అంటే... పెద్దలు ఊరికే చెప్పరు కదండీ."

"కారణం లేకుండా కార్యం లేదు. నువ్వే కదా చెప్పింది? బాగా నచ్చింది నాకు ఆ మాట." ఆయన పేపరు మడిచి నావైపు జాలిగా చూశారు. "మనిషన్నాక ఒక మాట మీద నిలబడాలోయ్."

అక్క ఇద్దర్నీ ఓసారి చూసి, గరాజ్‌లో ఫ్రీజర్‌లోంచి బఠాణీలు తెస్తానని వెళ్ళింది. ఆ పూట కూరలో బఠాణీలు పడలేదని మర్నాటిదాకా నాకు తోచలేదు.

మర్నాడు బావగారు నున్నగా గడ్డం గీసుకుని, టై కట్టుకుని, మొదటి ఓటుకు పెళ్ళికొడుకులా తయారయ్యారు. ముగ్గురం గరాజ్‌లోకి వెళ్ళాం. తాళంచెవి తిప్పితే కారు టిక్కుమంది, అంతే. మళ్ళీ తిప్పితే అదీ లేదు. పక్కిళ్ళ కార్లు అప్పటికే పనిలోకి వెళ్ళిపోయాయి. బావగారు బానెట్ ఎత్తి లోపలికి వంగారు. నేను ఏమైనా కనిపిస్తుందేమోనని డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. కనిపించింది. లైట్ల మీట పూర్తిగా బయటికి లాగి ఉంది.

తలెత్తితే గుమ్మంలో అక్క. కోటు బొత్తాలు పెట్టుకుంటూ నావైపే చూస్తోంది. బెదురూ లేదు, బతిమాలడమూ లేదు. చిన్నప్పుడు నా లెక్క తప్పని తెలిసి, నేనే కనుక్కుంటానని ఆగి చూసే చూపు అది.

బానెట్ వెనకనుంచి బావగారి గొంతు వచ్చింది. "నిన్న సాయంత్రం కూడా బాగానే ఉందోయ్. కారణం లేకుండా కార్యం లేదన్నావుగా? చెప్పు మరి. ఏమిటి కారణం?"

కారణం నా చూపుడువేలికి జానెడు దూరంలో ఉంది. నేను దాన్ని మెల్లిగా లోపలికి నొక్కేశాను.

"మంగళవారం కదండీ బావగారూ," అన్నాను.

ఆయన బానెట్ దించి నన్ను చూసిన చూపు నేనింతవరకూ మరిచిపోలేదు. ఓడినవాడి చూపు కాదది, పోగొట్టుకున్న వస్తువు దొరికినవాడి చూపు. "ఇంక వెళ్ళను," అని ఆయన టై వదులు చేసుకోబోతుంటే అక్క అడ్డుపడింది. "చెడు జరగాల్సింది కారుకి జరిగిపోయిందిగా, ఇంక మీకేం? బస్సుకి ఫోన్ చేస్తాను." ఆ తర్కంలో ఎన్ని దోషాలున్నాయో నాకు తెలుసు. వెళ్ళి నా కోటు తెచ్చుకున్నాను.

బస్సు వచ్చింది. ముసలి డ్రైవరు తలుపు తీసి, "గుడ్ మార్నింగ్ హనీ," అని అక్కను పలకరిస్తే బావగారు ఉలిక్కిపడ్డారు. ఎప్పుడు చూసినా ఖాళీ అన్న బస్సులో ఆయనకు సగం సీటే దొరికింది. మిగతా సగంలో ఒక అవ్వ, ఆవిడ ఒళ్ళో బుట్ట, బుట్టలో డాక్టరు దగ్గరికి వెళుతున్న పిల్లి. "నువ్వు సరిచేసిచ్చిన కర్టెన్లు ఎంత చక్కగా వేలాడుతున్నాయో," అని అవ్వ అక్కతో కబుర్లలో పడి, బుట్టను బావగారి ఒళ్ళోకి మార్చేసింది. ఊతకర్ర పట్టుకున్న ఒక తాత, "ఈయనేనా మీ ఆయన? ఈయనకి మన బస్సు సంగతి తెలుసా?" అని అక్కను అడిగాడు. "ఇవాళ తెలుస్తోంది," అంది అక్క.

బావగారు మెల్లగా నావైపు వంగారు. "ఏమోయ్, పిల్లి ఎదురొస్తే చెడ్డది. ఒళ్ళో కూర్చుంటే?"

"శాస్త్రంలో లేదండీ."

ఆయన ఆ పిల్లిని పోలింగ్ బూత్ దాకా జాగ్రత్తగా మోశారు. లోపల ఎవరికి వేశారో ఇప్పటికీ చెప్పలేదు, రహస్య ఓటంటారు. ఇంటికొచ్చాక వంటింట్లో అక్క మాత్రం నాతో ఒక మాట అంది. "ఆయన్ని ఆపాలనుకోలేదురా. ఓటు ఆయనది. ఒక్కసారి ఆ బస్సు ఎక్కించాలనుకున్నాను, అంతే." గుమ్మడికాయావిడ గెలిచింది, బస్సు నిలిచింది. మర్నాడు అక్క పనినుంచి రాగానే బావగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఆ పిల్లికెలా ఉందిట?"

ఆ తర్వాత మూఢనమ్మకాల మీద ఎన్ని వ్యాసాలు రాశానో. అవి ఎంతమంది మనసు మార్చాయో తెలియదు గాని, మా తెలుగువాళ్ళ పిక్నిక్కుల్లో మాత్రం బావగారు చెప్పే మాట ఒకటి స్థిరపడిపోయింది. "మంగళవారం సంగతి నేను చెప్పడం కాదండీ, మా బావమరిది అంత హేతువాది, వాడే ఒప్పుకున్నాడు, కావలిస్తే అడగండి." అందరూ నావైపు తిరుగుతారు. జుట్టంతా నెరిసిన నేను, చేతిలో పేపర్ ప్లేటు పట్టుకుని, సృష్టిలో ప్రతిదానికీ కారణం ఉంటుందని గర్జించిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటాను. కారణం ఎదురుగానే ఉంటుంది, పులావు గిన్నె పట్టుకుని.

"ఇంకొంచెం బఠాణీలు వెయ్యనారా?" అంటుంది అక్క.

వెయ్యమంటాను.